ఆలిస్ కోచ్‌మన్: రాజు ఇచ్చిన పతకం, మేయర్ ఇవ్వని చెయ్యి

మన గ్రూపులో బిర్సా ముండా గురించి, కొమురం భీం గురించి, జైపాల్ సింగ్ గురించి చాలానే రాసుకున్నాం. ఈసారి కొంచెం దూరం పోదాం. అమెరికా దక్షిణ భాగంలో జార్జియా రాష్ట్రం, అందులో ఆల్బనీ అనే ఊరు. అక్కడ పుట్టిన ఒక హైజంపర్ కథ ఇది. పేరు ఆలిస్ కోచ్‌మన్. ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన మొట్టమొదటి నల్లజాతి మహిళ.

జెస్సీ ఓవెన్స్ పేరు పోటీ పరీక్షలకి చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆలిస్ పేరు మాత్రం ఎంతమందికి తెలుసో మీరే చెప్పండి. ఆమె ఎట్ల గెలిచింది, గెలిచి ఇంటికొస్తే ఊరు ఏం చేసింది, ఎందుకు మర్చిపోయారు అనేదే ఈ పోస్టు. పొడవుగానే ఉంటది, తీరిగ్గా చదవండి. మనకు పనికొచ్చే సంగతులు ఇందులో చాలా ఉన్నాయి.

ముందు ఆ ఊరి సంగతి

ఆల్బనీ చుట్టుపక్కల అంతా పత్తి నేల. బానిసత్వం ఉన్న రోజుల్లో తెల్ల భూస్వాముల తోటల్లో నల్లవాళ్ళతో వెట్టి చేయించి పత్తి పండించిన ప్రాంతం. 1865లో బానిసత్వం రద్దయింది. కానీ భూమి మాత్రం పాత యజమానుల దగ్గరే ఉండిపోయింది. విడుదలైన వాళ్ళు అదే భూమి కౌలుకి తీసుకుని, అదే షావుకారు దగ్గర అప్పు తెచ్చి, పంటంతా అప్పుకింద జమ చేసి, మళ్ళీ ఏడాది మళ్ళీ అప్పు తెచ్చుకునే బతుకు. డు బోయిస్ అనే నల్లజాతి మేధావి 1903లో అచ్చయిన తన పుస్తకంలో ఈ ఆల్బనీ ప్రాంతం గురించే వివరంగా రాశాడు. ఆ వివరాలు చదివితే మన ఏజెన్సీలో షావుకార్ల లెక్కల పుస్తకాలు గుర్తొస్తాయి. దేశం వేరు, లెక్క మాత్రం ఒకటే.

దీనికి తోడు చట్టం. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ విడివిడిగా సౌకర్యాలు పెట్టొచ్చు, సమానంగా ఉంటే చాలు అని దాని సారాంశం. విడివిడిగా పెట్టడం అయితే అమలైంది. సమానం అనే మాట మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. బడి వేరు, రైలు పెట్టె వేరు, మంచినీళ్ళ కుళాయి వేరు, ఆసుపత్రి వార్డు వేరు. ఆటస్థలం కూడా వేరే. నిజం చెప్పాలంటే చాలా ఊళ్ళలో నల్లపిల్లలకు ఆటస్థలమే లేదు.

అలాంటి ఊళ్ళో 1923 నవంబర్ 9న ఆలిస్ పుట్టింది. తల్లి ఎవెలిన్, తండ్రి ఫ్రెడ్. పదిమంది పిల్లల్లో ఐదో ఆమె. చిన్నప్పటి నుంచీ ఇంటి ఖర్చుకి పత్తి ఏరడం, పండ్లు ఏరి అమ్మడం లాంటి పనులు చేసింది.

మట్టి రోడ్డే గ్రౌండ్

పిల్లకి పరిగెత్తడం అంటే ఇష్టం, ఎగరడం అంటే ఇంకా ఇష్టం. ఊళ్ళో ఉన్న గ్రౌండ్‌లోకి నల్లపిల్లలకి ప్రవేశం లేదు కాబట్టి మట్టి రోడ్ల మీద, చెప్పుల్లేకుండా పరిగెత్తేది. రెండు కర్రలు పాతి, మధ్యలో తాడు కట్టి, దాని మీదుగా దూకేది. పోటీకి మగపిల్లల్ని పిలిచి వాళ్ళను ఓడించేది.

ఇంట్లో ఒప్పుకోలేదు. తండ్రి దృష్టిలో ఆడపిల్ల అంటే ఒద్దికగా ఇంటి అరుగు మీద కూర్చోవాలి. మగపిల్లలతో కలిసి దూకడం ఏంటి అని కోపం. దెబ్బలు కూడా తిన్నది. అయినా మానలేదు.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఆలిస్‌కి అడ్డం నిలబడింది తెల్లవాళ్ళ చట్టం ఒక్కటే కాదు, సొంత ఇల్లు కూడా. బయట వివక్షను ఎదిరించే మనమే ఇంట్లో చెల్లెలిని గ్రౌండ్‌కి పోనియ్యకపోతే ఆ పిల్లకి రెండు బార్‌లు పెట్టినట్టే. ఆలిస్ ఆ రెండూ దాటాల్సి వచ్చింది.

అదృష్టం ఏంటంటే ఇద్దరు ఆడవాళ్ళు ఆమె వెనక నిలబడ్డారు. ఒకరు ఐదో తరగతి టీచర్ కోరా బెయిలీ. ఇంకొకరు చిన్నమ్మ క్యారీ స్ప్రై. పిల్లలో ఏదో ఉంది, ఆపొద్దు అని వాళ్ళు పట్టుబట్టారు. 1938లో మాడిసన్ హైస్కూల్లో చేరాక అక్కడి అబ్బాయిల ట్రాక్ టీం కోచ్ హ్యారీ లాష్ ఆమెకు శిక్షణ ఇచ్చాడు. అప్పటిదాకా సొంతంగా దూకిన పిల్ల చేతికి మొదటిసారి ఒక పద్ధతి అందింది.

టస్కీగీ పిలిచింది

పక్క రాష్ట్రం అలబామాలో టస్కీగీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1881లో నల్లజాతి విద్యార్థుల కోసం మొదలైన సంస్థ, బుకర్ టి. వాషింగ్టన్ దాన్ని నిలబెట్టాడు. చేతిపనులు నేర్పుతూ చదువు చెప్పడం దాని పద్ధతి. అక్కడ స్పోర్ట్స్ చూసుకునే ఆయన పేరు క్లీవ్ అబాట్. 1920ల చివర్లో ఆయన టస్కీగీ రిలేస్ పేరుతో నల్లజాతి కాలేజీలకి ట్రాక్ పోటీలు మొదలుపెట్టాడు. కొద్ది రోజులకే వాటిలో ఆడపిల్లల ఈవెంట్లు కూడా చేర్చాడు.

ఆ రోజుల్లో ఇది చాలా పెద్ద విషయం. ఎందుకంటే అమెరికాలో తెల్ల మధ్యతరగతి కాలేజీల్లో ఆడపిల్లలు పరుగు పందేల్లో పోటీ పడటం మంచిది కాదనే అభిప్రాయం బలంగా ఉండేది. చెమటపట్టి, రొప్పుతూ, కండలు పెంచుకోవడం ఆడతనానికి తగదని టీచర్లే చెప్పేవాళ్ళు. టెన్నిస్, ఈత అయితే మర్యాద. ట్రాక్ మాత్రం కాదు. అలా పెద్దింటివాళ్ళు వద్దని వదిలేసిన మైదానంలోకి నల్లజాతి కాలేజీలు తమ ఆడపిల్లల్ని దింపాయి. 1937లో టస్కీగీ మహిళల జట్టు జాతీయ చాంపియన్ అయింది. ఆ తర్వాత పదేళ్ళకు పైగా దాదాపు వాళ్ళదే రాజ్యం.

1939 వేసవిలో, ఇంకా పదహారేళ్ళు నిండకముందే, ఆలిస్‌కి టస్కీగీ స్కాలర్‌షిప్ ఇస్తానంది. తల్లిదండ్రుల్ని ఒప్పించడం కష్టమైంది కానీ చివరికి పంపారు. క్లాసులు మొదలు కాకముందే జాతీయ పోటీలకి తీసుకెళ్ళారు. ఆమె చెప్పుల్లేకుండానే దూకింది. హైస్కూలు, కాలేజీ స్థాయి హైజంప్ రికార్డులు రెండూ బద్దలుకొట్టి జాతీయ చాంపియన్ అయింది.

స్కాలర్‌షిప్ అంటే ఊరికే వచ్చింది అనుకోకండి. పనిచేసి చదువుకునే పద్ధతి అది. జిమ్ ఊడ్వాలి, ఈతకొలను శుభ్రం చేయాలి, టెన్నిస్ కోర్టుల మట్టి చదును చేయాలి, క్రీడాకారుల బట్టలు కుట్టి బాగుచేయాలి. పొద్దున క్లాసు, తర్వాత పని, తర్వాత ప్రాక్టీసు. హాస్టల్లో ఉండి పార్ట్‌టైం పని చేసుకుంటూ చదివే మనోళ్ళకి ఈ బతుకు కొత్తేం కాదు. 1946లో ఆమె కుట్టుపనిలో డిప్లొమా తీసుకుంది. మధ్యలో బాస్కెట్‌బాల్ జట్టులోనూ ఆడి వరసగా మూడేళ్ళు కాన్ఫరెన్స్ టైటిల్ గెలిపించింది.

హైజంప్‌లో అయితే లెక్క చూడండి. 1939 నుంచి 1948 దాకా వరసగా పదేళ్ళు జాతీయ చాంపియన్. ఒక్క ఏడాది కూడా వదల్లేదు. ఇది కాక 50 మీటర్లు, 100 మీటర్లు, రిలేల్లో కూడా జాతీయ టైటిళ్ళు ఉన్నాయి.

యుద్ధం తినేసిన ఎనిమిదేళ్ళు

1940 ఒలింపిక్స్ ముందు టోక్యోలో అన్నారు, తర్వాత హెల్సింకి అన్నారు, చివరికి రద్దయింది. 1944లో లండన్‌లో జరగాల్సింది కూడా రద్దయింది. రెండో ప్రపంచ యుద్ధం. 1940లో ఆలిస్‌కి పదహారేళ్ళు, 1944లో ఇరవై. క్రీడాకారిణికి మంచి వయసు అదే. ఆ వయసంతా స్వదేశంలోని పోటీలతోనే గడిచిపోయింది.

1944లో జరిగుంటే ఆమే గెలిచేదని చాలామంది రాస్తారు. అంత తేలిగ్గా అనలేం. హాలండ్‌కి చెందిన ఫానీ బ్లాంకర్స్ కోయెన్ 1943లోనే 1.71 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు పెట్టింది. గెలుపోటముల సంగతి పక్కనపెట్టినా, ఆలిస్‌కి పోటీ పడే అవకాశమే రాలేదన్నది మాత్రం నిజం. 1948 వచ్చేసరికి ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. వెన్నునొప్పి వేధిస్తోంది. టస్కీగీ నుంచి సొంత ఊరికి వచ్చి ఆల్బనీ స్టేట్ కాలేజీలో చదువుతోంది. ఆ నొప్పితోనే ట్రయల్స్‌లో నెగ్గి జట్టులో చోటు సంపాదించింది. ఓడలో లండన్ బయల్దేరింది.

ఆమెకు ముందు నడిచినవాళ్ళు

ఇక్కడ కొంచెం ఆగి ఇంకో రెండు పేర్లు చెప్పుకోవాలి. టైడీ పికెట్, లూయిస్ స్టోక్స్. 1932 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌కి అమెరికా రిలే జట్టుతో వెళ్ళిన నల్లజాతి అమ్మాయిలు వీళ్ళు. పోటీ రోజు వచ్చేసరికి వాళ్ళని పక్కన కూర్చోబెట్టి తెల్ల అమ్మాయిలను పరిగెత్తించారు. 1936లో పికెట్‌కి హర్డిల్స్‌లో పరిగెత్తే అవకాశం దొరికింది, సెమీఫైనల్లో ఆగిపోయింది. అదే 1936 బెర్లిన్‌లో మగవాళ్ళ హైజంప్‌లో స్వర్ణం, రజతం రెండూ అమెరికా నల్లజాతి యువకులవే. కార్నీలియస్ జాన్సన్, డేవ్ ఆల్‌బ్రిటన్. అంటే మగవాళ్ళకి తలుపు కొంత తెరుచుకున్నా, ఆడవాళ్ళకి ఇంకా పన్నెండేళ్ళు పట్టింది.

1948లో కూడా ఆలిస్ కంటే ముందు ఒక చిన్న తలుపు తెరిచింది ఆడ్రీ ప్యాటర్సన్. 200 మీటర్లలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ అయింది. "మొదటివాళ్ళు" అని మనం చెప్పుకునే ప్రతి ఒక్కరి వెనకా ఇలా కొందరు ఉంటారు.

1948 ఆగస్టు 7, వెంబ్లీ

యుద్ధం అయిపోయి మూడేళ్ళు. లండన్‌లో ఇంకా రేషన్ నడుస్తోంది. కొత్త స్టేడియాలు, క్రీడా గ్రామాలు కట్టే స్తోమత లేక ఉన్నవాటితోనే ఒలింపిక్స్ జరిపారు.

మహిళల హైజంప్ ట్రాక్ పోటీల చివరి రోజున జరిగింది. ఇప్పటి మెత్తటి ఫోమ్ పరుపులు అప్పుడు లేవు. వీపు మీద పడే ఫాస్‌బరీ ఫ్లాప్ పద్ధతి లోకానికి తెలిసింది 1968లో. అప్పట్లో దిగే చోట ఇసుకో రంపపు పొట్టో ఉండేది. కాబట్టి కాళ్ళ మీదనో చేతుల మీదనో దిగేలాగే దూకాలి. వెన్నునొప్పి ఉన్న మనిషికి ఒక్కో దూకుడు ఎట్లుండేదో ఊహించుకోండి.

పోటీ చివరికి ఇద్దరే మిగిలారు. ఒకరు ఆలిస్. రెండో ఆమె బ్రిటన్‌కి చెందిన డొరొతీ టైలర్. జనమంతా టైలర్ వైపే, సొంత దేశం కదా. బార్ 1.68 మీటర్లకి పెంచారు. అంటే అయిదడుగుల ఆరంగుళాల పైచిలుకు. ఆలిస్ మొదటి ప్రయత్నంలోనే దాటింది. టైలర్ కూడా దాటింది, కానీ రెండో ప్రయత్నంలో. ఆ పై ఎత్తు ఇద్దరూ దాటలేకపోయారు.

హైజంప్ ఆడేవాళ్ళకి ఈ నియమం తెలుసు. ఇద్దరు ఒకే ఎత్తు దగ్గర ఆగితే, ఆ ఎత్తుని తక్కువ ప్రయత్నాల్లో దాటినవాళ్ళే గెలిచినట్టు. స్వర్ణానికీ రజతానికీ మధ్య తేడా ఒకే ఒక్క దూకుడు. 1.68 కొత్త ఒలింపిక్ రికార్డు. ఆ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళలకి ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో దొరికిన ఏకైక స్వర్ణం కూడా ఇదే. నాలుగు స్వర్ణాలు గెలిచిన బ్లాంకర్స్ కోయెన్ హైజంప్‌లో దిగలేదు, ఒకరు మూడు వ్యక్తిగత ఈవెంట్లకి మించి ఆడకూడదనే నియమం అప్పుడుంది.

టైలర్ సంగతి కూడా చెప్పాలి. 1936లో పదహారేళ్ళ వయసులో బెర్లిన్‌లో ఆమెకి రజతమే. అక్కడా విజేతతో సమానమైన ఎత్తే దూకింది. కాకపోతే ప్రయత్నాలు లెక్కపెట్టే నియమం అప్పుడు లేదు, మళ్ళీ దూకించి తేల్చారు. ఇప్పటి నియమం ఉండి ఉంటే బెర్లిన్‌లో టైలరే గెలిచేది. అప్పుడు లేని నియమం ఒక స్వర్ణం పోగొట్టింది, పన్నెండేళ్ళ తర్వాత వచ్చిన నియమం ఇంకోటి పోగొట్టింది. కాంస్యం గెలిచిన ఫ్రాన్స్ అమ్మాయి మిషెలిన్ ఓస్టర్‌మేయర్ అయితే అదే ఒలింపిక్స్‌లో షాట్‌పుట్, డిస్కస్ రెండింట్లో స్వర్ణం గెలిచిన పియానో కళాకారిణి. ఇంతటి వాళ్ళ మధ్య గెలిచింది ఆలిస్.

తను గెలిచినట్టు ఆలిస్‌కి వెంటనే తెలియదు. బోర్డు మీద తన పేరు మొదటి స్థానంలో చూసుకున్నాకే తెలిసిందని తర్వాత చెప్పింది. పతకం ఇచ్చింది బ్రిటిష్ రాజు ఆరో జార్జి స్వయంగా.

ఇంకో ఐదు రోజులకి, ఆగస్టు 12న, అదే వెంబ్లీలో మన హాకీ జట్టు బ్రిటన్‌ని 4-0తో ఓడించి స్వతంత్ర భారతానికి తొలి స్వర్ణం తెచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట ఆమ్‌స్టర్‌డామ్‌లో భారత హాకీకి కెప్టెన్‌గా ఉన్న మన జైపాల్ సింగ్ ముండా ఆ సమయంలో ఢిల్లీలో రాజ్యాంగ సభ సభ్యుడు. ఒకే కాలం, మూడు చోట్ల మూడు రకాల పోరాటాలు. కలిపి చదివితేనే చరిత్ర అర్థమవుతుంది.

ఇంటికొచ్చాక

ఓడ దిగగానే సన్మానాలు. జాజ్ సంగీతకారుడు కౌంట్ బేసీ విందు ఇచ్చాడు. వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు ట్రూమన్ అభినందించాడు. అట్లాంటా నుంచి ఆల్బనీ దాకా 175 మైళ్ళు కార్ల ఊరేగింపు. అంటే 280 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి భద్రాచలం పోయే దూరం కన్నా కొంచెమే తక్కువ. దారి పొడవునా ఊళ్ళలో జనం బయటికొచ్చి చేతులూపారు.

ఊరేగింపు ఆల్బనీ చేరింది. మున్సిపల్ ఆడిటోరియంలో సన్మాన సభ. లోపల తెల్లవాళ్ళు ఒకవైపు, నల్లవాళ్ళు ఒకవైపు. వేదిక మీద మేయర్ ఉన్నాడు. ఊరికి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అమ్మాయి పక్కనే ఉంది. ఆయన ఆమెకి చెయ్యి ఇవ్వలేదు. సభ అయ్యాక ఆమె బయటికి పోవాల్సింది పక్క తలుపు నుంచి.

ఒక్క నిమిషం ఆలోచించండి. బ్రిటిష్ రాజు చేతుల మీదుగా పతకం తీసుకుంది. దేశాధ్యక్షుడు అభినందించాడు. సొంత ఊరి మేయర్‌కి మాత్రం ఆమె చెయ్యి తాకడం కుదరలేదు. ఎందుకంటే రాజుకి ఆమె ఒక విజేత, మేయర్‌కి ఆమె రేపు కూడా ఇదే ఊళ్ళో ఉండబోయే నల్ల అమ్మాయి. చెయ్యి ఇస్తే, రేపు కుళాయి దగ్గర, బస్సులో, ఓటు దగ్గర కూడా ఇవ్వాల్సి వస్తుంది. వివక్ష ఎప్పుడూ దగ్గరివాళ్ళ మీదే గట్టిగా పనిచేస్తుంది.

కొందరు తెల్లవాళ్ళు ఆమెకి పూలు, కానుకలు పంపారు. పేర్లు రాయకుండా. పక్కింటివాళ్ళకి తెలిస్తే ఏమవుతుందోనని భయం. వివక్ష అనేది వాళ్ళ నోళ్ళు కూడా కట్టేసింది.

ఇరవై అయిదేళ్ళకే రిటైర్మెంట్

ఆలిస్ ఆ తర్వాత పోటీలకి దిగలేదు. సాధించాల్సింది సాధించాను, చాలు అనుకుంది. అప్పటి ఒలింపిక్స్ పూర్తిగా అమెచ్యూర్. డబ్బు తీసుకుంటే అనర్హత. పతకం బీరువాలో ఉంటుంది, అన్నం మాత్రం ఉద్యోగం చేసి తినాల్సిందే. 1949లో ఆల్బనీ స్టేట్ కాలేజీలో హోం ఎకనామిక్స్ డిగ్రీ పూర్తిచేసి టీచర్, కోచ్ అయింది. పెళ్ళి, ఇద్దరు పిల్లలు. 1952లో కోకాకోలా సంస్థ ఆమెని తమ ప్రకటనల్లో పెట్టుకుంది. జెస్సీ ఓవెన్స్‌తో పాటు ఆమె బొమ్మ రోడ్ల పక్కన బోర్డులెక్కింది. ఒక అంతర్జాతీయ బ్రాండ్‌కి ప్రచారం చేసిన తొలి నల్లజాతి మహిళా క్రీడాకారిణి అలా ఆమే అయింది. బొమ్మ అంత పెద్దగా ఉన్నా, ఆ బొమ్మలోని మనిషి దక్షిణాదిలో చాలా హోటళ్ళలోకి అడుగు పెట్టే వీలు లేని రోజులవి.

గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. 1975లో జాతీయ ట్రాక్ అండ్ ఫీల్డ్ హాల్ ఆఫ్ ఫేమ్. 1996లో తన సొంత రాష్ట్రంలోని అట్లాంటాలో ఒలింపిక్స్ జరిగినప్పుడు వంద మంది గొప్ప ఒలింపియన్లలో ఒకరిగా సన్మానం. 2004లో అమెరికా ఒలింపిక్ హాల్ ఆఫ్ ఫేమ్. పక్క తలుపు చూపించిన ఆల్బనీలోనే ఇప్పుడు ఆమె పేరుతో ఒక బడి ఉంది. 2014 జులై 14న, తొంభై ఏళ్ళ వయసులో, ఆల్బనీలోనే కన్నుమూసింది. ఆమెతో పోటీపడిన డొరొతీ టైలర్ కూడా అదే ఏడాది సెప్టెంబర్‌లో పోయింది.

తర్వాత ఏం జరిగింది

1960 రోమ్ ఒలింపిక్స్‌లో విల్మా రుడాల్ఫ్ మూడు స్వర్ణాలు గెలిచింది. టెన్నెసీలో ఆమె సొంత ఊరు క్లార్క్స్‌విల్ సన్మానం చేస్తామంది. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు విడివిడిగా కూర్చునే సభ అయితే నేను రాను అని విల్మా తేల్చి చెప్పింది. చివరికి అందరూ కలిసి పాల్గొన్న ఊరేగింపు, విందు జరిగాయి. ఆ ఊళ్ళో అలాంటిది అదే మొదటిసారి. 1948కీ 1960కీ పన్నెండేళ్ళు. ఆలిస్ భరించాల్సి వచ్చినదాన్ని విల్మా కాదనగలిగింది. తను ఓడిపోయి ఉంటే తన అడుగుల్లో నడిచేవాళ్ళు ఉండేవాళ్ళు కాదని ఆలిస్ పెద్దయ్యాక ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. గొప్పలు చెప్పుకోవడం కాదు అది, ఆమె మీద ఉన్న బరువు.

ఆల్బనీ ఊరు కూడా ఊరుకోలేదు. 1961లో అక్కడ వేర్పాటుకి వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం లేచింది. మార్టిన్ లూథర్ కింగ్ అక్కడికొచ్చి అరెస్టయ్యాడు. ఆ ఉద్యమంలో ముందున్నది ఎవరో తెలుసా? ఆలిస్ డిగ్రీ చదివిన ఆల్బనీ స్టేట్ కాలేజీ విద్యార్థులు. పదుల సంఖ్యలో పిల్లల్ని కాలేజీ నుంచి పంపించేశారు. అయినా ఆగలేదు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చాయి. మేయర్ ఇవ్వని చెయ్యి కోసం ఎవరూ ఎదురుచూడలేదు, చట్టమే మార్పించుకున్నారు.

మనం తీసుకోవాల్సింది

మన పిల్లలు ఏదైనా మెడల్ తెస్తే పేపర్లో ఒక మాట తప్పకుండా వస్తుంది. అడవి బిడ్డలకి పుట్టుకతోనే కాళ్ళలో బలం ఉంటుంది, కొండలెక్కి దిగీ అలవాటు అని. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ దాని అర్థం ఏంటి? ఈ పిల్ల కష్టపడి నేర్చుకోలేదు, తెలివితో ఆడలేదు, ఒంట్లో ఉన్నది బయటికొచ్చింది అంతే అని. ఆలిస్ గురించి కూడా ఇట్లాగే రాశారు, చెప్పుల్లేని పాదాలు, మట్టి రోడ్డు, పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని.

ఆమె కథ సరిగ్గా చూస్తే వేరేది కనిపిస్తుంది. మట్టి రోడ్డు మీద దూకిన పిల్లలు ఆల్బనీలో ఆమె ఒక్కతే కాదు. ఆమె లండన్ దాకా పోవడానికి ఒక టీచర్ కావాల్సి వచ్చింది, ఒక చిన్నమ్మ కావాల్సి వచ్చింది. హైస్కూల్లో ఒక కోచ్, తర్వాత స్కాలర్‌షిప్ ఇచ్చే ఒక సంస్థ, ఆడపిల్లల పోటీలు పెట్టే ఒక అబాట్. పదేళ్ళు వరసగా జాతీయ స్థాయిలో పోటీలు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా 1.68 లేదు.

మన దగ్గర కూడా అంతే. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా నుంచి వచ్చిన లంబాడా బిడ్డ. తోడుగా ఖమ్మం ప్రాంతం నుంచి ఆనంద్ కుమార్. ఇద్దరూ గురుకులం పిల్లలు. భువనగిరి గుట్ట మీద శిక్షణ, తర్వాత డార్జిలింగ్, లడఖ్. గురుకులం లేకుండా, శిక్షణ లేకుండా ఉత్త ధైర్యం ఒక్కటే ఉంటే ఎవరెస్ట్ దొరికేదా? అందుకే మన ఆశ్రమ పాఠశాలలో పీఈటీ పోస్టు ఖాళీగా ఉంటే అది చిన్న సంగతి కాదు. హైజంప్ స్టాండు తుప్పు పట్టి, దిగడానికి పరుపు లేకపోతే ఆ గ్రౌండ్‌లో ఒక ఆలిస్ ఆగిపోయినట్టే. ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రంలో గ్రౌండు, కోచ్, స్పోర్ట్స్ కిట్ అనే మాటలు కూడా రాయండి. అడుక్కోవడం కాదది, హక్కు.

రెండో సంగతి, ఆడపిల్లల గురించి. ఇంటర్ అయిపోగానే పెళ్ళి మాట ఎత్తే ఇళ్ళు మన గూడేల్లో, తండాల్లో ఇంకా ఉన్నాయి. కోరా బెయిలీ, క్యారీ స్ప్రై చేసిన పని మనలో ఎవరైనా చేయొచ్చు. దానికి పెద్ద పదవి అక్కర్లేదు, తండ్రి దగ్గర కూర్చుని ఇంకో రెండేళ్ళు ఆడనియ్యి మామా అని చెప్పగలిగితే చాలు.

మూడోది, రాసిపెట్టడం. ఆలిస్ గెలిచింది టీవీలు ఇంటింటికీ రాని రోజుల్లో. సొంత ఊరు ఆమెని పక్క తలుపు నుంచి పంపింది. అందుకే చాలా ఏళ్ళు లోకం ఆమెని మర్చిపోయింది. మన వాళ్ళు కూడా జోనల్ మీట్‌లో, స్టేట్ మీట్‌లో ఎన్నో గెలిచారు. ఆ సర్టిఫికెట్లు గూడెంలో ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతున్నాయి. మీ ఊళ్ళో అప్పట్లో ఆడిన అన్న, అక్క, బాబాయి ఎవరైనా ఉంటే పోయి కూర్చోండి. ఏ ఏడాది, ఏ ఈవెంట్, ఎంత ఎత్తు, ఎవరు నేర్పారు, ఎందుకు మానేశారు అని అడిగి రాయండి. వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే ఇక్కడ పెట్టండి. ఎందుకు మానేశారు అన్న ప్రశ్న మాత్రం వదలొద్దు, మన చరిత్రలో సగం ఆ జవాబులోనే ఉంటుంది.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి కూడా చదివి వినిపించండి.